పావురాల గూడుకు ఏ దిక్కు గాలి?

పావురాలు పెంచాలనుకున్నవాళ్ళు ముందు జోడీల గురించి ఆలోచిస్తారు, తర్వాత మేత గురించి. గూడు గురించి ఆలోచించేసరికి చేతిలో మిగిలిన డబ్బుకు నాలుగు రేకులు, ఒక చుట్ట జాలీ వస్తాయి. మిద్దె మీద ఖాళీగా ఉన్న మూలలో అవి నిలబడతాయి. ఆరు నెలలకు పిల్లలు ముక్కు కారుస్తూ గురగురమంటుంటే మందుల షాపుకు పరుగు మొదలవుతుంది. గూటి జబ్బుల్లో పెద్ద భాగం స్థలమూ గాలీ సరిగ్గా లేకపోవడం వల్ల పుట్టేవి, లేదా వాటివల్ల ముదిరేవి. వాటికి సీసాలో మందు లేదు. అందుకే ఈ ఒక్క విషయాన్ని మొదటినుంచీ విడమరిచి చూడాలి. ఇతర దేశాలవాళ్ళు ఏం చెప్పారు, అందులో మన నేలకు ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు?

ఈ పరిశీలనకు నేను ఎంచుకున్న చోటు రాయచెర్లు. తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో, నాగలమడికె హోబళిలో ఉంది. పాలన కర్ణాటకది, ఇళ్ళలో మాట తెలుగు, వాతావరణం పూర్తిగా అనంతపురం సీమది. తిరుమణి, బళసముద్ర, క్యాతగానచెర్లు, వల్లూరులతో పాటు 2,050 మెగావాట్ల పావగడ సోలార్ పార్కుకు భూములిచ్చిన ఐదు ఊళ్ళలో ఇదొకటి. పార్కు విస్తీర్ణం దాదాపు 13,000 ఎకరాలు. వాన తక్కువ, ఎండ ఎక్కువ, అడ్డుకునే చెట్టు తక్కువ కాబట్టే సౌర పలకలు ఇక్కడికి వచ్చాయి. ఇదే ఎండ, ఇదే అడ్డులేని గాలి పావురాల గూడుకూ లెక్కలోకి వస్తాయి. బెంగళూరు రేసు పావురాలవాళ్ళ గూళ్ళు చూసి వచ్చి అచ్చంగా అలాగే కట్టించే కుర్రవాళ్ళు ఈ వైపు ఊళ్ళలో గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. బెంగళూరు చల్లని ఊరు, తేమ ఉన్న ఊరు. ఒకే రాష్ట్రం అయినంత మాత్రాన ఒకే గూడు పనికిరాదు.

ముందు పక్షిని చూద్దాం. పావురం ఒంటి వేడి 41, 42 డిగ్రీల దగ్గర ఉంటుంది. చెమట గ్రంథులు లేవు. మన ఊపిరితిత్తులు ఉబ్బి తగ్గుతాయి, దాని ఊపిరితిత్తులు దాదాపు కదలవు. చుట్టూ ఉన్న గాలి సంచులు కొలిమి తిత్తుల్లా పనిచేసి వాటిగుండా గాలిని ఒకే వైపుగా తోస్తాయి. వందల కిలోమీటర్లు ఆగకుండా ఎగరగలిగే శక్తి దీనివల్లే వచ్చింది. అదే ఏర్పాటు గాలిలోని దుమ్మును, ఘాటును, సూక్ష్మజీవులను ఒంట్లో చాలా లోతుకు తీసుకుపోతుంది. కోడి తట్టుకున్న చెడుగాలిని రేసు పావురం తట్టుకోలేదు. తట్టుకున్నట్టు కనిపించినా రేసు రోజున ఆలస్యంగా ఇల్లు చేరి అసలు సంగతి చెబుతుంది.

వేడి విషయంలో మాత్రం పావురం మనం అనుకున్నదానికంటే గట్టి ప్రాణి. 1980లలో జెరూసలేంలో జాకబ్ మార్డర్ బృందం చేసిన ప్రయోగాల్లో, వేడికి అలవాటు పడిన పావురాలు రొప్పకుండానే చర్మం ద్వారా నీటిని ఆవిరిగా వదులుతూ 50 డిగ్రీలు దాటిన వేడిని కూడా ఓర్చుకున్నాయి. దీనికి రెండు షరతులున్నాయి. గాలి పొడిగా ఉండాలి, తాగడానికి నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. గాలిలో తేమ నిండితే ఆ దారి మూసుకుపోతుంది. రాయచెర్లు ఎండాకాలపు పొడి గాలి పావురానికి శత్రువు కాదన్నమాట. బయట పొడిగా ఉన్న గాలిని లోపల నిలవబెట్టి ఉక్కగా మార్చే గూడే దానికి శత్రువు.

తేమ చేసే చెడు అక్కడితో ఆగదు. ఎండిన రెట్ట వాసన వేయదు. తడిసిన రెట్టలోని యూరిక్ ఆమ్లాన్ని బ్యాక్టీరియా విరిచినప్పుడు అమోనియా పుడుతుంది. అది కంటి పొరను, శ్వాసనాళపు లోపొరను కాలుస్తుంది. ఆ గాయం మీదే మిగతా రోగాలు స్థిరపడతాయి. పేగుల్లో చేరే కాక్సిడియా పరాన్నజీవి గుడ్లు ముదిరి అంటుకునే స్థితికి రావాలన్నా తేమే కావాలి. నేల పొడిగా ఉంటే అవి పండవు. కోళ్ళ షెడ్లలో అమోనియా 25 పీపీఎం దాటకూడదని లెక్క. పావురాలవాళ్ళకు నా సలహా అంతకంటే కఠినంగా ఉంటుంది: తెల్లవారుజామున గూటి తలుపు తీసిన క్షణంలో మీ ముక్కుకు ఘాటు తగిలిందంటే ఆ గూడు ఫెయిలైనట్టే. తలుపు తీశాక రెండు నిమిషాలకు ఆ వాసన మనకు తెలియదు. పక్షి మాత్రం రాత్రంతా అందులోనే పడుకుని ఉంటుంది.

మనిషి సంగతీ చెప్పాలి, ఎందుకంటే దీన్ని మనవాళ్ళు చాలా తేలిగ్గా తీసుకుంటారు. పావురం ఈకల మీద సన్నని తెల్లని పొడి ఉంటుంది. ఆ పొడి, ఎండిన రెట్ట దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళలో కొందరికి ఊపిరితిత్తులు వాచి, ఆపైన గట్టిపడిపోతాయి. పావురాల పెంపకందారుల ఊపిరితిత్తి జబ్బు అనే పేరుతో 1965లోనే అమెరికా వైద్యులు దీన్ని వర్ణించారు. 2025లో ముంబయిలో, జనం పావురాలకు మేత వేసే దాదర్ కబూతర్‌ఖానాను టార్పాలిన్లు కప్పి మూసినప్పుడు, బొంబాయి హైకోర్టు దాకా నడిచిన వాదనల్లో ప్రధానమైనది ఈ ఊపిరితిత్తుల భయమే. కాబట్టి గూడు మన పడకగది కిటికీకి గాని, పక్కింటివాళ్ళ వంటింటికి గాని గాలి వచ్చే దిక్కున ఉండకూడదు. స్థలం ఎంపికలో నేను మొదటి షరతుగా పెట్టేది ఇదే. మిగతావన్నీ దీని తర్వాత.

గాలి, వెలుగు, పాము. గూడు కట్టే మనిషి ఈ మూడింటితో చాలాకాలంగా తంటాలు పడుతున్నాడు. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత వర్రో తన వ్యవసాయ గ్రంథంలో పెద్ద పావురాల ఇంటిని వివరించాడు. కమాను కప్పు, ఒకే ఇరుకు తలుపు, వెలుగు వచ్చేలా రెండు వైపులా జాలీ వేసిన కిటికీలు, ఎలుకలూ బల్లులూ పాకకుండా నున్నగా తీర్చిన గోడలు. ఇరవై శతాబ్దాలు దాటాక కూడా ఇందులో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు. ఇరాన్‌లో ఇస్ఫహాన్ చుట్టూ ఎరువు కోసం కట్టిన పావురాల బురుజులు 3,000 దాకా ఉంటాయని 17వ శతాబ్దపు ఫ్రెంచి యాత్రికుడు షార్దాఁ అంచనా వేశాడు. మందపాటి మట్టి గోడలు, నెత్తిన చిన్న చిన్న రంధ్రాల శిఖరాలు. ఎండ నేలల్లో పనికొచ్చే పాఠం ఆ బురుజుల్లో ఉంది: గోడ మందంగా ఉండి పగటి వేడిని ఆపాలి, వేడిగాలి నెత్తినుంచి పోవాలి. అక్బరు దగ్గర ఇరవై వేలకు పైగా పావురాలున్నాయనీ, వాటిలో 500 ప్రత్యేకమైనవనీ అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో రాశాడు. హైదరాబాద్ పాతబస్తీ మిద్దెల మీద పావురాలు ఎగరేసే కబూతర్‌బాజీ సరదా ఈనాటికీ సాగుతోంది.  మన పొరుగున ఒడిశా పోలీసులు 1946లో సైన్యం ఇచ్చిన 200 పావురాలతో కోరాపుట్‌లో కపోత సేవ మొదలుపెట్టారు. 1948లో ప్రధాని నెహ్రూ సందేశం సంబల్‌పూర్ నుంచి కటక్‌కు పావురం మీదే చేరింది. 1999 తుపానులో తీగలు తెగినప్పుడు కూడా అవి పనికొచ్చాయి. పక్షి ఆరోగ్యం మీద సందేశం ఆధారపడిన చోట గూడును అలక్ష్యం చేసే వీలుండదు.

ఇక అసలు వివాదం దిక్కు. ఇంగ్లండ్, బెల్జియం పద్ధతి చెప్పేవాళ్ళందరూ ఒకే మాట చెబుతారు: గూటి ముఖం దక్షిణానికి గాని ఆగ్నేయానికి గాని ఉండాలి. వాళ్ళ దేశంలో అది సత్యం. 50 డిగ్రీల అక్షాంశంలో మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణంలోనే ఉంటాడు, చలికాలంలో దొరికే కాస్త ఎండను వదులుకోలేరు. రాయచెర్లు సుమారు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ నెలాఖరులో ఒకసారి, ఆగస్టు నడుమ ఒకసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్య కాలంలో ఉత్తరానికి వాలి ఉంటాడు. అంటే ఎండ మండే నెలల్లో మన గూటికి వేడి దక్షిణపు గోడ నుంచి రాదు. కప్పు నుంచి వస్తుంది, సాయంత్రం పడమటి గోడ నుంచి వస్తుంది. డిసెంబరులో సూర్యుడు దక్షిణాన 52 డిగ్రీల ఎత్తు దాకా దిగుతాడు, అప్పటి ఎండ పక్షికి హాయి. కాబట్టి ఐరోపా సూత్రం ఇక్కడ సగమే పనిచేస్తుంది.

కోళ్ళ శాస్త్రం మరో మాట చెబుతుంది. షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి, పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకు చూడాలి. పొద్దుటి ఎండా సాయంత్రపు ఎండా లోపల పడవన్నది దాని తర్కం. వేల కోళ్ళున్న పెద్ద షెడ్డుకు ఇదే సరైనది. పావురం మాత్రం పొద్దుటి ఎండ కోరుకునే పక్షి. రెక్క చాచి ఎండ కాచుకుంటుంది, స్నానం చేసి ఒళ్ళు ఆరబెట్టుకుంటుంది. పైగా రాత్రి పేరుకున్న తేమను నేలమీంచి లేపేది ఆ మొదటి రెండు గంటల ఎండే. ఇరవై ముప్పై పక్షుల చిన్న గూడుకు నేను తూర్పు ముఖాన్నే ఎంచుతాను, లేదా కొంచెం ఆగ్నేయానికి తిప్పిన ముఖాన్ని. పడమటి గోడకు మాత్రం కిటికీ ఉండకూడదు.

గాలి సంగతికి వచ్చేసరికి ఈ ఎంపికకు ఇంకా గట్టి కారణం దొరుకుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ గాలి పడమర నైరుతి నుంచి బలంగా వీస్తుంది. పక్కనే రామగిరి గుట్టల మీద గాలిమరలు నిలబెట్టింది ఆ గాలి కోసమే. ఆషాఢంలో అది వానకంటే ఎక్కువగా దుమ్మునే మోసుకొస్తుంది. అక్టోబరు తర్వాత గాలి ఈశాన్యానికి తిరిగి, తూర్పు నుంచి జల్లు కొడుతుంది. ఏడాదిలో గాలి ఇలా ముఖం మార్చుకుంటుందన్న సంగతి విదేశీ నమూనాల్లో లేదు. బెల్జియం పద్ధతిలో గాలి ముందువైపు కింద దూరి, వెనకవైపు పైన బయటికి పోతుంది. తూర్పు ముఖం గూటికి అదే పెడితే పైన వదిలిన సందు పడమటి గాలికి ఎదురుపడుతుంది. అప్పుడు బయటికి పోవలసిన దారి లోపలికి వచ్చే దారి అవుతుంది. దుమ్ముతో కూడిన గాలి పైనుంచి దిగి, చెక్కల మీద పడుకున్న పక్షుల వీపు మీద రాత్రంతా వీస్తుంది. కాగితం మీద గాలి బాగా ఆడే గూడు ఇక్కడ జలుబు గూడుగా మారేది ఇలాగే.

దీనికి నాకు సరైనదిగా తోచిన ఏర్పాటు ఇది. ఏకవాలు కప్పు వేయాలి. పల్లపు అంచు పడమరకు, ఎత్తు అంచు తూర్పుకు. పడమటి గాలి వాలు మీదుగా ఎక్కి దాటిపోతుంది, దాటుతూ తూర్పు చూరు కింది నుంచి లోపలి వేడిగాలిని లాగుతుంది. ఆ చూరు కింద గూటి వెడల్పంతా అరడుగు సందు వదిలి జాలీ కొట్టాలి. లోపలికి వచ్చే గాలికి ఉత్తర దక్షిణ గోడల్లో నేలకు జానెడు ఎత్తున, పక్షులు కూర్చునే చెక్కలకంటే బాగా కింద, జరిపే మూతలున్న కిటికీలు పెట్టాలి. ఆషాఢ శ్రావణాల్లో దక్షిణపు మూత ముప్పాతిక మూసి ఉత్తరపుది తెరిచి ఉంచాలి. ఈశాన్య జల్లుల రోజుల్లో తూర్పు సందుకు బయటినుంచి వెదురు తడిక గాని, ఏటవాలు రేకు పట్టీ గాని దించాలి. ఎండాకాలం అన్నీ తెరవాలి. కట్టి మరిచిపోయే గూడు మన వాతావరణంలో సాధ్యం కాదు. ఏడాదికి మూడుసార్లు చెయ్యి వేయాలి.

వేడిగాలి పైకి పోతుంది కదా, అంతా అదే చూసుకుంటుందని చాలామంది నమ్మకం. అది సగం నిజం. ఈ లాగుడు బలం కింది దారికీ పై దారికీ మధ్య ఎత్తు మీద, లోపలికీ బయటికీ ఉన్న వేడి తేడా మీద ఆధారపడుతుంది. ఎత్తు రెట్టింపు చేసినా గాలి వేగం నలభై శాతమే పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం లోపలా బయటా ఒకే మంట కాబట్టి లాగుడు దాదాపు ఆగిపోతుంది. ఆ వేళ వీచే గాలే దిక్కు. లాగుడు నిజంగా పనిచేసేది చలికాలపు రాత్రులు, పక్షుల ఒంటి వేడి పైకి లేచినప్పుడు. తేమ పేరుకునేదీ అప్పుడే. చలి అని ఆ రాత్రుల్లో పై సందులో గోనెపట్టాలు కుక్కేవాళ్ళు పక్షికి మేలు చేస్తున్నామనుకుంటారు. ఈకలున్న పక్షికి మన చలి లెక్కలోది కాదు. రెక్కల కింద పిల్లలున్న బోనుకు ఎదురుగాలి తగలకుండా ఒక పలక అడ్డుపెడితే సరిపోతుంది.

కప్పు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. అందరూ వాడేది ఇనుప రేకు. ఎండలో అది చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, కింద ఉన్న పక్షి నెత్తి మీదికి ఆ వేడిని నేరుగా విసురుతుంది. రాత్రి ఆకాశానికి వేడి వదిలి బయటి గాలికంటే చల్లబడుతుంది, లోపలి ఆవిరి దాని అడుగున నీటిబొట్లయి గూళ్ళలోకి కారుతుంది. పగలూ రాత్రీ రెండు వైపులా చెడే కప్పు ఇది. బోద కొట్టం చల్లగా ఉంటుంది, గాలి పీలుస్తుంది, కానీ పాముకూ ఎలుకకూ పేనుకూ ఆశ్రయం, నిప్పుకు సులువు. మంగుళూరు పెంకు మంచిది. పెంకు పెంకుకూ మధ్య సన్నగా గాలి ఆడుతుంది, బెల్జియంవాళ్ళు పెంకు కప్పును వదలకపోవడానికి కారణం అదే. ఖర్చు కుదరక రేకే వేయాల్సి వస్తే పైన ఏటా మార్చిలో సున్నం కొట్టాలి, కింద నాలుగు వేళ్ళ ఎడంలో వెదురు తడికో ఈత చాపో కట్టాలి. ఆ ఎడం రెండు కొసలా తెరిచి ఉంటే వేడి అందులోంచే పోతుంది. కప్పు తెలుపు చేస్తే వేడి తగ్గుతుందన్న మాట మీదే తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. మనుషుల ఇళ్ళకు పనికొచ్చింది పావురాల ఇంటికి ఎందుకు పనికిరాదు? మన పాత మిద్దెల్లో నెత్తిన గవాక్షం పెట్టిన పెద్దలకు వేడిని పైనుంచి పంపే విద్య తెలిసే ఉండాలి.

ఎంత మంచి గూడునైనా కిక్కిరిస్తే చెడగొట్టవచ్చు. ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, సగటున ఏడడుగుల ఎత్తున్న గదిలో పదిహేను జోడీలు నా దృష్టిలో పైహద్దు. పిల్లలు దిగే కాలంలో పది చాలు. పక్షులు పెరిగితే గాలి పెంచుదామని మరో రంధ్రం కొట్టడం కంటే నాలుగు జోడీలు ఎవరికైనా ఇచ్చెయ్యడం మేలు.

మిద్దె మీదా, నేల మీదా? మిద్దె మీద గాలి బాగుంటుంది, పాము తక్కువ, ఇంటికి చేరే పక్షికి దూరంనుంచే కనిపిస్తుంది. అయితే సిమెంటు కప్పు పగలంతా తాగిన వేడిని రాత్రి పదిదాకా కక్కుతుంది. గూటి నేలను మిద్దె కప్పు నుంచి రెండడుగులు లేపి, కింద గాలి ఆడనిస్తే ఆ బెడద తీరుతుంది. నేల మీద కడితే రాతి కూసాలు మూడడుగులు నిలబెట్టి పైన కట్టాలి. ఈ సీమలో బండలకూ కూసాలకూ కరువు లేదు. కూసం నడుమ రేకు గరాటు బోర్లిస్తే ఎలుకా పామూ ఎక్కలేవు. కింద ఖాళీగా శుభ్రంగా ఉంటే ముంగిస దాక్కోదు. చెట్టు నీడ చల్లన అని వేపచెట్టు కింద కట్టేవాళ్ళు పిల్లికి నిచ్చెన వేసినట్టే, డేగకు కాపలా కొమ్మ ఇచ్చినట్టే. చెట్టు పడమరగా ముప్పై అడుగుల దూరంలో ఉంటే సాయంత్రపు ఎండను ఆపుతుంది, అపకారం చేయదు.

రాయచెర్లులో మరో రెండు జాగ్రత్తలు. సోలార్ పార్కుతో పాటు పెద్ద విద్యుత్ లైన్లూ వచ్చాయి. వేగంగా దిగే పావురాల గుంపుకు సన్నని తీగ ఆలస్యంగా కనబడుతుంది. గూటి తూర్పు ముఖానికి ఎదురుగా దిగే దారిలో తీగలు లేని జాగానే చూసుకోవాలి. రెండోది వేడి. అమెరికాలోని అరిజోనా ఎడారిలో సౌరఫలకాల క్షేత్రంలో రాత్రి ఉష్ణోగ్రత పక్కనున్న ఖాళీ భూమికంటే 3 నుంచి 4 డిగ్రీలు ఎక్కువని 2016లో పరిశోధకులు కొలిచారు. పక్షి ఒళ్ళు చల్లబడేది రాత్రే. పలకల కంచెకు ఆనుకున్న స్థలమూ ఊరి లోపలి స్థలమూ రెండూ చేతిలో ఉంటే నేను ఊరి వైపే మొగ్గుతాను.

జాలీ విషయంలో పొదుపు చేయకండి. పావురాల మశూచిని దోమలు మోస్తాయి. పావురాల మలేరియాను రక్తం తాగే పావురపు ఈగ మోస్తుందని 1906లోనే అల్జీరియాలో సెర్జాఁ సోదరులు తేల్చారు. పెద్దకన్నుల జాలీ పిల్లిని ఆపుతుంది, దోమను ఆపదు. సన్నకన్నుల జాలీ దోమను ఆపుతుంది కానీ ఈకల దుమ్ముతో మూసుకుపోయి గాలిని కూడా ఆపుతుంది. అందుకే సన్న జాలీ వేసేచోట కిటికీ పరిమాణం రెట్టింపు చేయాలి, నెలకోసారి బ్రష్షుతో దులపాలి. రాణిఖేత్ తరహా వైరస్‌ను మాత్రం ఏ గాలీ ఆపదు, దానికి టీకా ఒక్కటే దారి. చెనిక్కాయ గింజలు మేతగా పెట్టేవాళ్ళు ఆ బస్తా గూట్లో ఉంచకూడదు. తేమకు బూజు పట్టి అఫ్లటాక్సిన్ విషం పుడుతుంది, పైకి గింజ బాగానే కనిపిస్తుంది.

ఫ్యాన్ల గురించి ఒక్క మాట. లోపలికి గాలి విసిరే ఫ్యాను రెట్ట దుమ్మును లేపి పక్షి ఊపిరిలోకి తోస్తుంది, అది వద్దు. పై సందులోంచి బయటికి లాగే చిన్న ఫ్యాను, ఇరుకు సందుల్లో కట్టిన గూళ్ళకు మాత్రమే, ఉక్కపోత రోజుల్లో పనికొస్తుంది. సవ్యంగా కట్టిన గూటికి రాయచెర్లు గాలి చాలు.

డబ్బు తక్కువగా ఉంటే కప్పు మీదా ఎత్తు మీదా పెట్టండి, బోన్ల రంగుల మీద వద్దు. కట్టాక ఒక ఊదుబత్తి వెలిగించి నేల దగ్గర పట్టుకోండి. పొగ నెమ్మదిగా లేచి తూర్పు చూరు సందులోంచి పోవాలి. చెక్కల దగ్గర సుడి తిరిగినా, పక్షుల మీదికి వంగినా కిటికీ మూతలు సర్దాలి. రెట్ట గీకేటప్పుడు ముక్కుకూ నోటికీ మంచి మాస్కు కట్టుకోండి, పిల్లలను ఆ పనికి పంపకండి. అన్నిటికంటే ముందు, కూసం పాతక మునుపే, అనుకున్న జాగాలో కర్రకు గుడ్డపీలిక కట్టి జూన్‌లో ఒక వారం, అక్టోబరులో ఒక వారం గాలి ఎటు వీస్తోందో చూడండి. ఆ రెండు వారాలు ఆగడానికి ఓపిక లేకపోతే జోడీలు కొనడం వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోండి.